మూగజీవుల డాక్టరమ్మ: పిల్లి పడుకున్న దుప్పటి మీద బియ్యపు గింజలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పిల్లుల కడుపులోని పురుగుల గురించే. ఒడిశా సరిహద్దులో, గజపతి, రాయగడ జిల్లాల పశువైద్యశాలల్లో నేను 31 ఏళ్ళు పనిచేశాను. అప్పట్లో నా దగ్గరికి వచ్చేవి ఆవులు, గేదెలు, మేకలు. పిల్లిని సంచిలో పెట్టుకుని వచ్చేవారు నెలకు ఒకరుంటే ఎక్కువ. ఇప్పుడు పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీదికి పిల్లులతో వారానికి ఐదారుగురు వస్తున్నారు. పిల్లికి కూడా వైద్యం చేయించాలని జనానికి తోచడం నాకెంతో సంతోషం. అందుకే ఈసారి పేజీ అంతా వాటికే ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మా పిల్లికి రెండేళ్ళు. అది పడుకునే దుప్పటి మీద తెల్లగా బియ్యపు గింజల్లాంటివి కనిపించాయి. బియ్యమే అనుకుని దులిపేశాను. మర్నాడు వాటిలో ఒకటి కదిలింది! మందుల షాపులో అడిగి పురుగుల మాత్ర తెచ్చి వేశాము. నెల తిరగకముందే మళ్ళీ అవే గింజలు. మందు పనిచేయలేదా?
— ఒక గృహిణి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మీరు చూసినవి బద్దె పురుగు ముక్కలు. ఈ పురుగు పేగు గోడకు తల తగిలించుకుని ఉంటుంది. రిబ్బనులా పొడవుగా పెరిగి, చివరి ముక్కలను ఒక్కొక్కటిగా తెంపి వదులుతుంది. ప్రతి ముక్క నిండా గుడ్లే. ఈసారి కనబడితే దులిపేయకండి. పుల్లతో ఒకటి తీసి పిల్లల పలక మీద పెట్టి చూడండి. తాజాగా ఉంటే సాగుతుంది, ముడుచుకుంటుంది, మళ్ళీ సాగుతుంది. ఎండితే పసుపు రంగుకు తిరిగి నువ్వు గింజలా అవుతుంది. తోక కింది వెంట్రుకలకు అంటుకుని కనబడేవి ఎక్కువగా ఈ ఎండినవే. అలా పలక మీద చూసినవారు మళ్ళీ దీన్ని బియ్యమని పొరబడరు.

ఇక మందు సంగతి. మీరు మాత్ర పేరు రాయలేదు. ఖాళీ రేకు ఇంకా ఉంటే దాని మీద ప్రాజిక్వాంటెల్ అన్న పేరు ఉందేమో చూడండి, బద్దె పురుగును చంపేది అదే. పైరాంటెల్ ఒక్కటే ఉంటే అది ఏలికపాములకు, రక్తం తాగే కొంకి పురుగులకు పనిచేస్తుంది గాని బద్దె పురుగును ఏమీ చేయదు. మందుల షాపులో ‘పురుగుల మాత్ర’ అనో, ఒడియాలో ‘కృమి’ మందనో అడిగితే వాళ్ళు చేతికి అందింది ఇస్తారు. అడిగే తీరు మారాలి: నేను చూసిన పురుగు ఇలా ఉంది, దీనికి ఏది కావాలి అని పశువైద్యుడిని అడగాలి.

ఒకవేళ సరైన మందే వేసి ఉంటే, అది పనిచేసింది. పిల్లి ఆ పురుగును మళ్ళీ తెచ్చుకుంది. ఎక్కడి నుంచో తెలుసా? తన ఒంటి మీది నుంచే. పిల్లి బొచ్చులో సన్నగా, గోధుమ రంగులో, వేలు పెట్టబోతే గెంతి మాయమయ్యే పురుగులుంటాయి. మన వైపు వాటిని కూడా పేలు అనే అంటారు. షాపులో అడిగేటప్పుడు ‘ఫ్లీ’ అనండి. బద్దె పురుగు గుడ్లను ఈ ఫ్లీ పిల్లపురుగులు తింటాయి. అవి పెద్దవై పిల్లి ఒంటి మీదికి ఎక్కుతాయి. పిల్లి తన ఒళ్ళు నాక్కుంటూ వాటిలో ఒకదాన్ని మింగితే చాలు, రెండు మూడు వారాల్లో దుప్పటి మీద మళ్ళీ బియ్యం గింజలు.

కాబట్టి ఇవాళే ఒక పని చేయండి. తెల్లటి గుడ్డను తడిపి నేల మీద పరిచి, పిల్లిని దాని మీద నిలబెట్టి, సన్న పళ్ళ దువ్వెనతో నడుము నుంచి తోక మొదలు వరకు దువ్వండి. మిరియాల పొడిలా నల్లటి నలుసులు రాలుతాయి. తడి గుడ్డ మీద అర నిమిషం ఉంటే వాటి చుట్టూ ఎర్రటి మరక వస్తుంది. అది మట్టి కాదు, ఫ్లీల మలం, అంటే మీ పిల్లి రక్తమే. మరక వచ్చిందంటే కడుపుకు మందు, ఒంటికి మందు రెండూ ఒకేసారి పడాలి. దుప్పటిని మరిగే నీళ్ళలో ముంచి ఎండలో వేయండి. మంచం కింద, గోనె సంచుల కింద ఊడ్చండి. ఒంటి మీద కనబడే ఫ్లీలు కొన్నే, వాటి గుడ్లూ పిల్లపురుగులూ ఎక్కువగా నేల సందుల్లోనే ఉంటాయి.

ఒంటికి వేసే మందు విషయంలో ఒక్క మాట, దయచేసి గోడ మీద రాసుకోండి. కుక్కల కోసం అమ్మే చుక్కల మందు పిల్లికి వేయకండి. వాటిలో కొన్నింటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. కుక్క దాన్ని తట్టుకుంటుంది, పిల్లి తట్టుకోలేదు. వణుకుతూ, ఫిట్స్ వచ్చిన పిల్లిని నా దగ్గరికి తెచ్చారు. ఇంట్లో కుక్కకు తెచ్చిన మందులో మిగిలినది ప్రేమతోనే వేశారు. దాన్ని దక్కించలేకపోయాను. డబ్బా మీద పిల్లి బొమ్మ, పిల్లి బరువు రాసి ఉంటేనే కొనండి.

ప్రశ్న: మా ధాన్యం కొట్లో పిల్లి నాలుగు పిల్లలను పెట్టింది. ఐదు వారాలయింది. బాగానే పాలు తాగుతున్నాయి, అయినా వెన్ను ఎముక తగులుతోంది, పొట్టలు మాత్రం కుండల్లా ఉన్నాయి. నిన్న ఒకటి వాంతి చేసుకుంటే సేమియాలాంటి పురుగు పడింది. మట్టి తిని వచ్చాయా? ఇంకా బయటికైనా వెళ్ళలేదే!
— ఒక రైతు, కాశీనగర్

జవాబు: బాబూ, మట్టి తినలేదు. తల్లి పాలలో వచ్చాయి. అవి ఏలికపాములు. తల్లి ఒంట్లో కండరాల మధ్య దాగి ఉన్న పిల్లపురుగులు పాలలోకి దిగి, ఆ పాలతోపాటే కూనల కడుపులోకి పోతాయి. కుక్కపిల్లలకైతే తల్లి కడుపులో ఉండగానే అంటుకుంటాయి. పిల్లుల్లో పాల దారినే వస్తాయి. చుట్ట తిరిగిన, లేత పసుపు రంగు పురుగు, నాలుగైదు అంగుళాల లోపు పొడవు. మీ పోలిక సరిగ్గా సరిపోయింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను చేసిన తప్పు చెబుతాను, మీరు చేయకండి. ఇలాగే పొట్టలు ఉబ్బిన కూనలకు మందు వేసి, ఇక ఫరవాలేదని పంపేశాను. తల్లికి వేయలేదు. రెండో మోతాదు మాట కూడా చెప్పలేదు. నెల తిరిగేసరికి ఆ ఇంటి అమ్మాయి రెండు కూనలనే తెచ్చింది. మిగిలినవేవని అడిగితే తల వంచుకుంది. అప్పటినుంచి కూనలకు మందు వేసేటప్పుడు తల్లిని కూడా తీసుకురమ్మంటాను. తల్లి రాకపోతే దాని మందును పొట్లం కట్టి చేతికి ఇస్తాను.

క్రమం ఇది. మూడో వారం వయసులో మొదటి మోతాదు. అక్కడి నుంచి రెండు వారాలకు ఒకసారి, పాలు మానిన తర్వాత కూడా ఒక విడత పడేవరకు. ఆపైన ఆరు నెలలు నిండేదాకా నెలకొకసారి. ఇన్నిసార్లు ఎందుకంటే, మందు పేగులో ఉన్న పెద్ద పురుగులనే చంపుతుంది. కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తిరుగుతున్న పిల్లపురుగుల జోలికి పోదు. అవి దిగి వచ్చేసరికి రెండో మోతాదు సిద్ధంగా ఉండాలి. మీ కూనలకు రెండు విడతలు దాటిపోయాయి, రేపే మొదలుపెట్టండి.

మోతాదుకు బరువు తెలియాలి, కంటి అంచనా పనికిరాదు. కిరాణా కొట్టులో పంచదార తూచే కాటా చాలు. కూనను గుడ్డ సంచిలో వేసి తూచండి, తర్వాత ఖాళీ సంచిని తూచి తీసేయండి. ఐదు వారాల కూన అర కిలో చుట్టుపక్కల ఉండాలి. మందుకు ముందు ఇంకొకటి చూడాలి: పెదవి పైకెత్తి చిగుళ్ళు చూడండి. గులాబీ రంగులో ఉంటే మంచిది. పాలిపోయి తెల్లగా ఉంటే, విరేచనం తారులా నల్లగా పడుతుంటే, అది కొంకి పురుగుల పని. అవి పేగును కొరికి రక్తం తాగుతాయి. అలాంటి కూనకు ఇంట్లో మందు వేసి కూర్చోకండి, ఆ పూటే పశువైద్యశాలకు తీసుకువెళ్ళండి. రక్తం తగ్గిన కూనకు మందుకన్నా ముందు ప్రాణం నిలబెట్టే వైద్యం కావాలి.

మీది ధాన్యం కొట్టు కాబట్టి తల్లి ఎలుకలు పట్టకుండా ఉండదు, ఉండకూడదు కూడా. ఎలుక కండలోనూ ఏలికపాము పిల్లపురుగులుంటాయి. ఎలుక కాలేయంలో మరో రకం బద్దె పురుగు కూడా ఉంటుంది. వేటాడే పిల్లికి ఏడాదికి కనీసం నాలుగుసార్లు రెండు రకాలకూ పనిచేసే మందు పడాలి. మీకు ధాన్యం కాపాడుతున్నందుకు అది తీసుకునే జీతం అనుకోండి.

ప్రశ్న: బడిలో మా అబ్బాయికి ఇచ్చే నులిపురుగుల మాత్రలో సగం పిల్లికి వేయవచ్చా? లేదంటే మా అత్తగారు వెల్లుల్లి రసం పోయమంటున్నారు. మేకలకు ఇచ్చిన నట్టల మందు సీసా కూడా ఇంట్లో ఉంది.
— ఒక అక్క, గుణుపురం

జవాబు: మూడూ వద్దు తల్లీ. బడుల్లో ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చే మాత్ర 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్. పంతొమ్మిదేళ్ళ వారి వరకు అదే మోతాదు. దానిలో సగమంటే 200 మిల్లీగ్రాములు, మీ పిల్లి రెండు కిలోలు. ఎక్కువ మోతాదులో ఆల్బెండజోల్ పిల్లి ఎముకల మూలుగను దెబ్బ తీస్తుంది. అక్కడే కదా రక్తం తయారయ్యేది! పైగా ఆ మాత్ర మీ అబ్బాయిది, వాడు టీచరు ఎదుట నమిలి మింగాలి.

మేకల సీసాలో చుక్క తేడా వచ్చినా మేకకు ఏమీ కాదు, పిల్లికి అది చాలా ఎక్కువ. ఇక వెల్లుల్లి. అత్తగారిని నొప్పించకుండా చెప్పండి: మనకు మేలు చేసేది పిల్లికి విషం. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తంలోని ఎర్ర కణాలను పగలగొడతాయి. పురుగులతో ఇప్పటికే రక్తం తక్కువైన జీవికి అది పోస్తే ఉన్నదీ పోతుంది. ఆవిడ ఉద్దేశం మంచిదే, ఆవిడనే పిల్లిని ఒడిలో పట్టుకోమనండి, మీరు సరైన మందు వేయండి.

ప్రశ్న: మా మనవరాలికి నాలుగేళ్ళు. రాత్రిళ్ళు కూర్చునే చోట దురద అంటోంది. నులిపురుగులని డాక్టరు చెప్పారు. పిల్లి వల్లే వచ్చాయని అందరూ అంటున్నారు. దాన్ని మహేంద్రతనయ నది అవతల వదిలేయమంటున్నారు. పాప ఏడుస్తోంది.
— ఒక తాతగారు, పర్లాకిమిడి

జవాబు: తాతగారూ, పిల్లిని ఎక్కడికీ పంపకండి. రాత్రిపూట దురద పెట్టే ఆ సన్నటి నులిపురుగులు మనుషులవే. పిల్లిలో బతకవు, పిల్లి నుంచి రావు. ఒక పాప గోళ్ళ నుంచి మరో పాప నోటికి వెళ్తాయి. పాపకు డాక్టరు ఇచ్చిన మందు వేయండి, ఇంట్లో అందరూ మందు తీసుకోవాలేమో ఆయననే అడగండి, గోళ్ళు కత్తిరించండి, పక్కబట్టలు వేడినీళ్ళలో ఉతకండి.

అయితే పిల్లి ఏలికపాముల గురించి మీరు జాగ్రత్త పడవలసిన మాట నిజం. వాటి గుడ్లు పిల్లల నోట్లోకి వెళితే, పిల్లపురుగులు కాలేయానికో, అరుదుగా కంటికో చేరి హాని చేస్తాయి. భయపడవలసింది పిల్లిని ముట్టుకున్నందుకు కాదు, మట్టిని చూసి. పిల్లి వేసిన మలంలోని గుడ్లు అప్పటికప్పుడు అంటుకోవు. అవి ముదరడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఆ తర్వాత మాత్రం మట్టిలో ఏళ్ళ తరబడి బతికి ఉంటాయి. అంటే రోజూ మలం తీసి పారేసే ఇంట్లో వాటికి ముదిరే వ్యవధే దొరకదు. మీ వీధిలో ఇల్లు కడుతుంటే ఆ ఇసుక గుట్టను చూడండి. వీధిలోని పిల్లులన్నీ అక్కడికే వెళతాయి, పిల్లలూ అక్కడే గూళ్ళు కడతారు. సాయంత్రం పని ఆగగానే దాని మీద టార్పాలిన్ కప్పమని మేస్త్రీకి చెప్పండి. పాప ఆడి రాగానే సబ్బుతో చేతులు కడిగించండి.

పిల్లి మలం పెట్టె కడగడానికి ఫినాయిలు వాడకండి. ఈ గుడ్లు దానికి చావవు, పిల్లికి మాత్రం అది విషం. కాగిన నీళ్ళు పోయండి, చాలు.

ప్రశ్న: మీరు చెప్పినట్లే మాత్ర వేశాము. వెంటనే నోటి వెంట నురుగు, జొల్లు. విషమైందని హడలిపోయాము. పది నిమిషాలకు తగ్గింది. పురుగులు మాత్రం ఒక్కటీ పడలేదు.
— ఒక కాలేజీ విద్యార్థి, రాయగడ

జవాబు: ప్రాజిక్వాంటెల్ చాలా చేదు నాన్నా. నాలుక మీద కరిగితే ఏ పిల్లయినా నురుగు కక్కుతుంది. పది నిమిషాల్లో తగ్గితే విషం కాదు. గంట గడిచినా తగ్గకపోయినా, వణికినా, తూలినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఈసారి పిల్లిని తువ్వాలులో తల మాత్రం బయట ఉండేలా చుట్టండి. తల కొంచెం పైకెత్తి, మాత్రను నాలుక వెనక్కి జార్చి, నోరు మూసి గొంతు నిమరండి. మింగగానే సూది లేని సిరంజితో రెండు మిల్లీలీటర్ల నీళ్ళు నోటి పక్క నుంచి మెల్లగా పోయండి, మాత్ర గొంతులో అంటుకోకుండా దిగుతుంది. ఆ తర్వాత ఉప్పు లేకుండా ఉడికించిన చేప ముక్క ఒకటి పెట్టండి.

పురుగులు పడకపోవడం మంచిదే కావచ్చు. చచ్చిన బద్దె పురుగు చాలాసార్లు పేగులోనే అరిగిపోతుంది. అనుమానముంటే రెండు వారాలయ్యాక ఆ రోజు మలమే బఠాణీ గింజంత, శుభ్రమైన చిన్న సీసాలో వేసి పశువైద్యశాలకు తీసుకువెళ్ళండి. సూక్ష్మదర్శినిలో ఏలికపాము గుడ్లు, కొంకి పురుగు గుడ్లు బాగా దొరుకుతాయి. బద్దె పురుగు గుడ్లు ముక్కల్లోనే ఉండిపోతాయి కాబట్టి తరచుగా కనబడవు. వాటికి మాత్రం మీరు దుప్పటినీ, తోక కిందనూ చూస్తూ ఉండాలి.