కోవిడ్ రోజుల్లో బోర్డ్ గేమ్స్ కన్వెన్షన్‌కి వెళ్లొచ్చా?

కేసులు పెరుగుతున్న వారాల్లో, తలుపులు మూసిన ఏసీ హాల్లో పెట్టే బోర్డ్ గేమ్స్ కన్వెన్షన్‌కి, అంటే చాలామంది ఒకచోట చేరి బల్లల చుట్టూ ఆటలాడే మేళాకి, వెళ్లకపోవడమే మంచిది. ఇంట్లో పెద్దవాళ్లో, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లో ఉంటే ఇక ఊగిసలాట వద్దు, మానేయండి.

కారణం గాలి. మాట్లాడినప్పుడు, నవ్వినప్పుడు వచ్చే సన్నటి తుంపరలతో వైరస్ బయటికొచ్చి, గాలి ఆడని గదిలో చాలాసేపు తేలుతూ ఉంటుంది. గేమింగ్ టేబుల్ దగ్గర నలుగురైదుగురు ఒకే బోర్డు మీదికి వంగి, గంటల తరబడి గట్టిగా మాట్లాడుకుంటారు. అందుకే అమెరికాలో పేరున్న ఇలాంటి కన్వెన్షన్ జెన్ కాన్‌ని కూడా 2020లో రద్దు చేసి ఆన్‌లైన్‌కి మార్చారు. 2021లో మాస్కు తప్పనిసరి చేసి నడిపారు.

ఉదాహరణకి విశాఖలో, సిరిపురం వైపు ఓ హోటల్ హాలు అనుకోండి. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, లోపలి గాలినే చల్లబరిచి తిప్పుతుంది. మన ఉక్కపోతకి తలుపులు తీద్దామని ఎవరూ అనరు. అదే ఆట బీచ్ రోడ్డులో మేడ మీద, మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి కొట్టేచోట ఆడితే ముప్పు బాగా తగ్గుతుంది. కార్డుల మీద ఏదైనా బరువు పెట్టుకుంటే చాలు.

పాచికలు, కార్డులు శానిటైజర్‌తో తుడిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. వస్తువుల వల్ల అంటడం తక్కువ, అసలు దారి గాలే. నెగెటివ్ రిపోర్టు ఉందన్న ధీమా కూడా పనికిరాదు: సోకిన కొత్తలో ర్యాపిడ్ టెస్టుకి దొరక్కపోవచ్చు, లక్షణాలు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకి అంటొచ్చు. తప్పక వెళ్లాల్సొస్తే ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 మాస్కు పెట్టుకోండి, టీ తాగడానికి ఆరుబయటికొచ్చాకే తీయండి.