రేకు కదిలితే బలమూ మారుతుంది

ప్రియమైన అమ్మాయికి,

ఆశీస్సులు. విద్యుదయస్కాంత బలంతో లోహపు రేకును మలచడాన్ని కంప్యూటర్లో ఎలా లెక్కగడతారో వివరిస్తూ నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష హాయిగా ఉంది. కానీ మూడో పేరాలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "బలం ఎంతో చెబితే రేకు ఎంత వంగుతుందో కంప్యూటర్ చెబుతుంది" అన్నావు. ఈ విషయంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఆ వాక్యంలో జారిపోయింది.

కెపాసిటర్లలో నింపిన శక్తిని ఒక్కసారిగా రాగి కాయిల్‌లోకి వదులుతారు. వేల ఆంపియర్లు, ఒక్కోసారి లక్షకు పైనే. అంతా పదులో వందలో మైక్రోసెకన్లలో అయిపోతుంది. అయస్కాంత క్షేత్రం అంత వేగంగా మారేసరికి ఎదురుగా ఉన్న అల్యూమినియం రేకులో సుడి ప్రవాహాలు, అంటే రేకులోనే సుళ్లు తిరిగే కరెంట్లు, పుట్టి, కాయిల్ దాన్ని నెట్టేస్తుంది. ఏ పనిముట్టూ తాకకుండానే రేకు సెకనుకు వంద మీటర్లు దాటిన వేగంతో డైలోకి, అంటే అచ్చులోకి, దూకగలదు. క్షేత్రం 10 టెస్లాలుంటే రేకు మీద ఒత్తిడి సుమారు 40 మెగాపాస్కళ్లు, అంటే గాలి పీడనానికి దాదాపు 400 రెట్లు. ఇంతవరకూ నువ్వు బాగానే రాశావు.

ఆ తర్వాత ఏమవుతుందో చూడు. కదిలిన రేకు కాయిల్‌కి దూరమవుతుంది. దూరమైన కొద్దీ కాయిల్ ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) పెరుగుతుంది, కరెంటు తీరు మారుతుంది, రేకు మీద బలం పడిపోతుంది. అంటే బలం మనం ముందే చెప్పగలిగేది కాదు, రేకు కదలికే దాన్ని మారుస్తూ పోతుంది. రేకు కదలదనుకుని బలమంతా ముందే లెక్కగట్టి పెట్టుకుంటే, ఫలితంలో రేకు అసలుకన్నా ఎక్కువ వంగినట్టు వస్తుంది. అందుకే కాలాన్ని చిన్న చిన్న మెట్లుగా కోసి, ప్రతి మెట్టులో క్షేత్రం, బలం, కదలిక లెక్కగట్టి, రేకు చేరిన కొత్త చోటు నుంచి మళ్లీ క్షేత్రంతో మొదలుపెడతారు. నీ వ్యాసానికి వెన్నెముక ఇదే కావాలి.

మెష్ గురించి, అంటే లెక్క కోసం వస్తువును చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టే వల గురించి, ఒకే వాక్యం రాశావు, అది చాలదు. ముగ్గుకి చుక్కలు పెట్టినట్టు అంతటా సమానంగా పరిస్తే కుదరదు. కరెంటు పౌనఃపున్యం 10 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటే అల్యూమినియంలో కరెంటు ముఖ్యంగా పైపొరలో, సుమారు 0.8 మిల్లీమీటర్ల లోతులోనే పారుతుంది. అక్కడ మెష్ దట్టంగా లేకపోతే బలమే తప్పొస్తుంది. మధ్యలో గాలి కూడా ఉంది కదా! దానికీ మెష్ వేస్తే, రేకు కదిలినప్పుడల్లా అది సాగి నలిగిపోతుంది. ఎల్‌ఎస్-డైనా సాఫ్ట్‌వేర్ గాలి భాగాన్ని సరిహద్దు మూలకాల పద్ధతిలో, అంటే గాలికి మెష్ వేయకుండా లోహాల ఉపరితలాల మీదే, లెక్కగట్టి ఆ చిక్కు తప్పించుకుంటుంది. ఈ ఉపాయం పాఠకుడికి తప్పకుండా చెప్పు, చాలా అందమైనది.

చుట్టలు చుట్టిన బల్లపరుపు కాయిల్ అయితే ఒత్తిడి నడిమధ్యన ఎక్కువని నేనూ ఒకప్పుడు రాశాను. అలాంటి కాయిల్స్‌తో పనిచేసే పాఠకుడొకాయన ఉత్తరం రాసి సరిదిద్దాడు. మధ్యలో ఒత్తిడి దాదాపు లేదు, సగం వ్యాసార్థం దగ్గరే ఎక్కువ. అయినా చివరికి రేకు మధ్యలోనే ఉబ్బవచ్చు, ఎందుకంటే ముందు కదిలిన వలయం తన వేగంతో నడిమి భాగాన్ని లాక్కెళుతుంది. ఊహతో రాసిన వాక్యమది, ఇప్పటికీ గుర్తొస్తే బాధేస్తుంది. నువ్వు ఒత్తిడి పటాన్ని కాలంతో పాటు చూసి రాయి.

లోహం స్వభావం కూడా రెండు మాటల్లో చెప్పు. నెమ్మదిగా లాగి పరీక్షించిన అంకెలు ఇంత వేగానికి సరిపోవు. వికృతి రేటు, అంటే లోహం ఆకారం మారే వేగం, సెకనుకు వేలల్లో ఉంటుంది.

ఇంకొకటి. నువ్వు పెట్టిన రంగుల బొమ్మలు నాకు నచ్చాయి, కానీ వాటి పక్కన కొలిచిన అంకె ఒక్కటీ లేదు. కాయిల్ కరెంటును రొగోవ్‌స్కీ కాయిల్‌తో (తీగ చుట్టూ తొడిగి కరెంటు కొలిచే మరో చుట్టతో) కొలుస్తారు, రేకు వేగాన్ని లేజర్‌తో కొలుస్తారు. లెక్కలోని కరెంటు గీతా కొలిచిన గీతా ఎక్కడ కలిశాయో, ఎక్కడ విడిపోయాయో రాస్తేనే పాఠకుడు నిన్ను నమ్ముతాడు.

మూడో పేరా తిరగరాసి పంపు. మిగతావాటి జోలికి ఇప్పుడే వెళ్లకు, అది కుదిరాక కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి