ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వద్దమ్మా

చిరంజీవి చిన్నమ్మాయికి,

పెదనాయన ఆశీస్సులు. కొత్త కారుకు అలిపిరిలో పూజ చేయించి, అమ్మానాయనల్ని తిరుమల కొండకు నువ్వే తీసుకెళ్తున్నావని తెలిసి చాలా సంతోషపడ్డాను. అయితే దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేస్తే బోలెడు పెట్రోలు మిగులుతుందని మీ నాయన నీకు చెప్పాడంట. ఆ మాట మాత్రం వినొద్దు. నా సర్వీసంతా ఆ ఘాట్ మీదే గడిచింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

గేరు తీసేస్తేనే న్యూట్రల్ అనుకోకు. గేరులో ఉంచి క్లచ్ తొక్కిపట్టి దిగినా అంతే, చక్రాలను ఇంజను పట్టుకోదు. బండి తన బరువుకు తాను జారిపోతుంది. న్యూట్రల్ చేసి తాళం కూడా తిప్పి ఇంజను ఆపేసేవాళ్ళున్నారు, అది మరీ ఘోరం.

పెట్రోలు సంగతికొస్తే, పాత కార్బురేటర్ బండ్లలో కాస్త మిగిలేది, నిజమే. మీ నాయనకు ఆ అలవాటే పోలేదు. నీ కారులో అట్లా కాదు. గేరులో ఉండగా యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే ఇంజనుకు పెట్రోలు దానంతటదే ఆగిపోతుంది, దొర్లే చక్రాలే ఇంజన్ను తిప్పుతాయి. న్యూట్రల్ చేశావంటే ఇంజను ఆగకుండా ఉండడానికి పెట్రోలు తాగాల్సిందే. అంటే మిగలకపోగా ఖర్చే.

అసలు భయం బ్రేకులతో. ఇంజను పట్టు లేకపోతే మనుషులు, సామాన్లతో సహా బండి బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. మనం దిగేది 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు. 1974 నాటి రెండోది ఎక్కడానికి. దిగే రోడ్డులో హెయిర్‌పిన్ మలుపులే 36. ఒక మలుపు దాటి ఊపిరి పీల్చుకునేలోపు ఇంకొకటి వస్తుంది. మోకాళ్ళ మెట్టు దగ్గర నడిచొచ్చే భక్తులు రోడ్డు పక్కనే ఉంటారు. కాలు ఎత్తకుండా బ్రేకు తొక్కుతూ దిగితే ముందు చక్రాల దగ్గర మాడువాసన వస్తుంది, తర్వాత పొగ. బ్రేకు ఆయిలు గాలిలో తేమను పీల్చుకుంటుంది, అందుకే పాతబడే కొద్దీ తొందరగా మరుగుతుంది. మరిగి బుడగలొస్తే పెడల్ మెత్తగా కిందికంటా దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. అట్లా చెమటలు కక్కుతూ గోడకు ఆనించి బండి ఆపుకున్నవాళ్ళను చూశానమ్మా.

ఇంజను ఆపేస్తే ఒకటి రెండు సార్లు బ్రేకు పడుతుంది, తర్వాత పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. స్టీరింగు తిప్పలేనంత బరువెక్కుతుంది. తాళం ఇంకా వెనక్కి తిప్పి తీశావంటే స్టీరింగు లాకే పడిపోతుంది.

మా డ్రైవర్లది ఒకటే మాట: ఎక్కిన గేరులోనే దిగు. ఎక్కువ దూరం సెకండ్‌లో రా. గేరు మార్చాలంటే మలుపుకు ముందే మార్చుకో, మలుపులో క్లచ్ తొక్కొద్దు. ఇంజను గుయ్యిమని అరుస్తుంది, టెన్షన్ పడొద్దు, బండిని పట్టుకున్నది అదే. వేగం పెరిగిందనిపిస్తే బ్రేకు గట్టిగా ఒకసారి తొక్కి వదిలెయ్, మళ్ళీ కావాలంటే మళ్ళీ తొక్కు. మెల్లగా అదిమిపెట్టి ఉంచొద్దు. ప్రతి మలుపులో హారన్ కొట్టు. వెనక జీపువాడు తొందరపెడితే దారిచ్చెయ్. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని దేవస్థానమే నియమం పెట్టింది, కాబట్టి తొందరపడి నువ్వు సాధించేదేమీ లేదు.

మాడువాసన వస్తే వెడల్పుగా ఉన్నచోట పక్కకు ఆపు. బ్రేకుల మీద నీళ్ళు పోయొద్దు, వేడి డిస్కు వంకరపోతుంది. ఇంజను ఆపి, రివర్సు గేరులో పెట్టి, ముందు చక్రం కింద రాయి వేసి, అరగంట చల్లారనివ్వు. మళ్ళీ బయలుదేరే ముందు ఆ రాయి తీసి రోడ్డు పక్కన పడెయ్, లేకపోతే వెనకొచ్చే బైకువాళ్ళకు తగులుతుంది.

మీ పెదనాయన