నల్ల మొక్కల నర్సరీ పెడతానన్న అమ్మాయికి

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. ముదురు రంగు మొక్కలు తప్ప ఇంకేమీ అమ్మని చిన్న నర్సరీ పెడతానంటున్నావు, నా అభిప్రాయం అడిగావు. పెట్టు. ఇన్నేళ్లుగా నేను చేస్తున్నదీ అదే పని, నిన్ను వద్దనడానికి నాకు నోరెలా వస్తుంది? కాకపోతే నువ్వు పంపిన జాబితా చూసి నవ్వొచ్చింది. అరవై రెండు రకాలు! నేను మొదలుపెట్టినప్పుడు నా దగ్గరా దాదాపు అన్నే ఉండేవి. రెండేళ్లు తిరిగేసరికి పద్నాలుగు మిగిలాయి. తక్కినవాటిలో చచ్చినవి కొన్నే, ఎక్కువ భాగం పచ్చబడిపోయాయి. మన వ్యాపారంలో నష్టం ఇలాగే వస్తుంది. మొక్క నిక్షేపంలా బతికే ఉంటుంది, అమ్మడానికి మాత్రం పనికిరాదు.

అందుకే ముందు రంగు సంగతి చెబుతాను. నల్ల హాలీహాక్ పువ్వు దొరికితే ఒక రేకు తుంచి ఎండకి ఎదురుగా పట్టుకుని చూడు. చేతిలో బొగ్గులా ఉన్నది కాస్తా వెలుతురులో చిక్కటి ద్రాక్షరసంలా కనిపిస్తుంది. ఆకుల్లో, రేకుల్లో మనం నలుపు అనేదంతా ఇంతే. ఆంథోసయనిన్ అనే ఊదా ఎరుపు వర్ణకం బాగా చిక్కబడి, ఆకులోనైతే అడుగున ఉన్న పచ్చదనంతో కలిసి, మన కంటికి నల్లగా తోస్తుంది. ఆల్టర్‌నాంథెరా, తోటకూర జాతి మొక్కల్లో ఆ పని బీటాలెయిన్ అనే మరో వర్ణకం చేస్తుంది. ఈ పేర్లు కొనేవాళ్లకి అక్కర్లేదు గానీ నీకు కావాలి. ఎందుకంటే మొక్క ఈ రంగును పరిస్థితిని బట్టి తయారుచేసుకుంటుంది. ఎండ బాగా తగిలితే ఎక్కువ చేస్తుంది, నీడలో పెడితే ఆ శ్రమ మానేస్తుంది. రాత్రిళ్లు చల్లబడితే రంగు చిక్కబడుతుంది, వేడి ముదిరితే పలచబడుతుంది. నత్రజని ఎక్కువ వేశావో, గబగబా పెరిగి పచ్చటి ఆకులు వేస్తుంది.

మామూలు నర్సరీ అలవాటేమిటి? అన్నిటినీ షేడ్ నెట్ కింద పెట్టి, ఎరువు దండిగా ఇచ్చి, తొందరగా పెంచి, తొందరగా అమ్మెయ్యడం. నేనూ అదే చేశాను. పర్పుల్ మెజెస్టీ అని ఒక అలంకరణ సజ్జ ఉంది, కొత్త రకాలను పెంచి చూసి మెచ్చినవాటిని ఎంచే ఆల్ అమెరికా సెలక్షన్స్ సంస్థ నుంచి 2003లో గోల్డ్ మెడల్ తెచ్చుకున్న రకం. దాని నారు నెట్ కింద పెంచాను. నెల దాటినా పచ్చగానే ఉంది. విత్తనాలమ్మినవాడు మోసం చేశాడని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. చోటు చాలక కొన్ని కవర్లు బయటికి నెట్టేశాను, వాటి సంగతే మర్చిపోయాను. పదిహేను రోజులకి చూస్తే బయటివి నల్ల ఊదా, లోపలివి గడ్డి రంగు. విత్తనం ఒకటే, మట్టి ఒకటే. ఆ రోజు పాపం ఆ మనిషికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. ఇంకో మాట, అది హైబ్రిడ్. దాని గింజ దాచి మళ్లీ వేస్తే అదే మొక్క రాదు.

అలాగని అన్నిటినీ ఎండలో పడెయ్యకు. గబ్బిలం పువ్వు, అదే టాక్కా, దాన్ని ఎండలో పెడితే ఆకు మాడిపోతుంది. దాని నలుపు పువ్వులో ఉంది, నీడలోనే చక్కగా వస్తుంది. ఇళ్లలో కుండీల్లో పెంచే నల్ల జీజీ ప్లాంట్ కూడా నీడలో నల్లగానే ఉంటుంది. ప్రతి రకానికీ ఒక పేజీ పెట్టుకుని, ఎక్కడ పెడితే ఏ రంగు వచ్చిందో రాసుకుంటూ పో. నా దగ్గర అలాంటి నోటు పుస్తకాలు ఏడున్నాయి, నీళ్ల మరకలతో సహా. ఎవరడిగినా ఇవ్వను. నువ్వు వస్తే కూర్చుని చదువుకోవచ్చు.

ఇక నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది. మన పనిలో పెంచడం సగమే, మిగతా సగం పీకి పారెయ్యడం. నీకు మొక్కలంటే ప్రాణం కాబట్టి కష్టమయ్యేది ఈ రెండో సగమే.

నల్ల మోండో గడ్డినే తీసుకో, నైగ్రెసెన్స్ రకం. నల్లటి చిన్న కాయలు కాస్తుంది. గుజ్జు కడిగేసి గింజ వెంటనే వేస్తే మొలుస్తుంది. పిలకలు విడదీస్తే ఏడాదికి చారెడు మొక్కలు, గింజలు వేస్తే ట్రేల కొద్దీ. ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ మొలిచినవాటిలో కొన్ని నల్లగా, కొన్ని పూర్తి పచ్చగా, కొన్ని ఎటూ కాని బురద రంగులో వస్తాయి. పచ్చవాటిని తీసెయ్యడం తేలికే. చిక్కంతా ఆ ఎటూ కానివాటితోనే. ‘ఇంకా చిన్నది కదా, పెద్దయ్యాక నల్లబడుతుందేమో’ అని మనసు సర్దిచెబుతుంది. రెండు మూడు వారాలు మంచి ఎండ ఇచ్చి చూడు. తర్వాత తెల్ల కాగితం మీద ఆ మొక్కను పెట్టి, పక్కనే తల్లిమొక్క ఆకు ఒకటి తుంచి పెట్టు. పొద్దున్నే చూడు, సాయంత్రం వెలుగు ఎర్రబడి కంటిని మోసం చేస్తుంది. రెండింటికీ తేడా కనబడిందా, తీసెయ్. మర్నాడు మళ్లీ చూద్దాంలే అని పక్కన పెట్టావంటే అది ఎప్పటికీ బెంచీ మీదే ఉండిపోతుంది.

ఈ ఏరివేత మానేస్తే ఏమవుతుందో హ్యూకెరా మొక్కలో లోకమంతా చూసింది. ప్యాలెస్ పర్పుల్ అని ముదురు ఊదా ఆకుల రకం. 1991లో అమెరికాలో పెరెనియల్ ప్లాంట్ అసోసియేషన్ దాన్ని ఆ ఏటి మేటి మొక్కగా ఎంచింది. గిరాకీ పెరిగింది. పిలకలతో అందరికీ అందించాలంటే ఎప్పటికయ్యేను? విత్తనాలతో పెంచడం మొదలుపెట్టారు. విత్తనం మొలకల్లో ముదురువీ వస్తాయి, పచ్చకీ కంచుకీ మధ్య ఉండేవీ వస్తాయి. ఏరకుండా అన్నీ ఒకే పేరుతో బయటికి పోయాయి. చివరికి ఆ పేరు చూసి కొన్నవాళ్లకి ఏ రంగు వస్తుందో చెప్పలేని పరిస్థితి వచ్చింది.

పెద్ద నర్సరీకి ఒక్కో మొక్కను చేతిలోకి తీసుకుని చూసే తీరిక ఉండదు. నీకు ఉంటుంది, నీ దగ్గరికి వచ్చేవాళ్లు డబ్బిచ్చేది దానికే. వందలో ముప్పై పారేశావనుకో, ఆ ముప్పై ఖర్చు మిగతా డెబ్బై మీద వేసుకో, మొహమాటపడకు. పచ్చగా వచ్చినవాటిని చవగ్గా ఇచ్చేద్దామన్న ఆలోచన కూడా వద్దు. కొన్నవాళ్లు చవగ్గా కొన్న సంగతి మర్చిపోతారు, ఫలానా చోట తెచ్చాం, నల్లగా లేదు అన్నది మాత్రం పదిమందికి చెబుతారు.

కటింగ్‌లతో పెంచినవి మాత్రం తల్లిలాగే వస్తాయి కదా అంటావు. చాలావరకు వస్తాయి. అయినా అప్పుడప్పుడూ ఒక రెమ్మ పచ్చగా పుడుతుంది. పచ్చ రెమ్మకి బలం ఎక్కువ, నాలుగు నెలల్లో నల్ల కొమ్మల్ని మింగేస్తుంది. కనబడగానే చివర్లు తుంచి ఊరుకోకుండా అది పుట్టిన మొదలు దాకా కోసెయ్.

తల్లిమొక్కల గురించి రెండు తప్పులు నావి చెబుతాను, నువ్వు చేయకు. మొదటిది, బాగా బతిమాలిన ఒకావిడకి నా దగ్గరున్న ఒకే ఒక్క నల్ల చేమ తల్లిమొక్కను ఇచ్చేశాను. మిగిలిన పిలకలు ఆ వానల్లో కుళ్లిపోయాయి. మళ్లీ ఆ రకం సంపాదించడానికి మూడేళ్లు పట్టింది. రెండోది ఇంకా నవ్వొచ్చే సంగతి. ఇయోనియంలో జ్వార్ట్‌కాప్ అని నల్ల గులాబీలాంటి రకం ఉంది చూశావా, నా మొక్క ఒక ఏడాది పసుపుపచ్చ పూలగెల వేసింది. సంబరంగా వచ్చినవాళ్లందరికీ చూపించాను. పూసిన తల, అంటే ఆ ఆకుల గుత్తి, ఆ పూతతోనే చచ్చిపోతుందని నాకు అప్పటికి తెలియదు. నాది కొమ్మలు లేని ఒంటితల మొక్క. ముందే తల కోసి నాటుకుని ఉంటే మోడు నుంచి కొత్త తలలూ వచ్చేవి, కోసిన తలా బతికేది. ఇప్పుడు ప్రతి రకానికీ కనీసం రెండు తల్లిమొక్కలు, రెండు వేర్వేరు చోట్ల ఉంచుతాను. ‘అమ్మకానికి కాదు’ అని బోర్డు పెట్టినా అడుగుతారు కాబట్టి వాటిని కంటికి కనబడకుండానే ఉంచు.

మొక్కల్ని ఎలా చూపించాలన్నది కూడా నేర్చుకోవాల్సిందే. మొదట్లో నేను నల్ల కవర్లలోని నల్ల మొక్కల్ని, నల్ల గుడ్డ పరిచిన బెంచీ మీద, నెట్ నీడలో వరసగా పెట్టాను. నలభై మొక్కలు. ఒకాయన వచ్చి, “ఈ బెంచీ ఖాళీయేనా అమ్మా, బ్యాగు పెట్టుకోవచ్చా?” అని అడిగాడు. ఆ సాయంత్రమే బెంచీ మీద తెల్ల కంకర పోశాను. నల్ల చిలగడదుంప తీగ పక్కన అదే జాతిలో నిమ్మపండు రంగు ఆకులది పెట్టి చూడు, రెండూ లేచి కూర్చుంటాయి. వెండి రంగు ఆకులవీ బాగుంటాయి. ఆ పక్క మొక్కలు కూడా నాలుగు రకాలు అమ్మకానికి పెట్టుకో, జంటగానే కొంటారు. ఫొటో తీసేటప్పుడు కూడా ఇదే ఇబ్బంది. నల్లటిది కనబడగానే కెమెరా వెలుతురు పెంచేసి దాన్ని బూడిద రంగు చేస్తుంది. ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి తియ్యి.

లేబుల్ మీద రంగు ఎలా మారుతుందో తప్పకుండా రాయి. నల్ల జీజీ ప్లాంట్ కొత్త చిగురు లేత పచ్చగా వచ్చి తర్వాత నల్లబడుతుంది. రాయకపోతే కొన్న నెలకే కంగారుగా ఫోన్ చేస్తారు. బ్లాక్ పర్ల్ అనే అలంకరణ మిరప కాయలు నల్లగా నిగనిగలాడి, పండాక ఎర్రబడతాయి. అది జబ్బనుకుని కాయలన్నీ కోసేసినవాళ్లను చూశాను. ఎండ కావాల్సినదైతే ‘గదిలో పెడితే పచ్చబడుతుంది’ అని పెద్ద అక్షరాలతో రాయి. దానివల్ల ఒక మొక్క అమ్ముడుపోకపోతే పోనీ. పాలు కారే జాతులకు, అంటే రాగి ఆకుల యుఫోర్బియా లాంటివాటికి, పాలు కంట్లో పడితే ప్రమాదమని రాయడం మర్చిపోకు.

పేర్ల విషయంలో జాగ్రత్త. ఆ జీజీ ప్లాంట్‌ను రేవెన్ అంటారు, అది వ్యాపార నామం. రకం పేరు డోవన్. దాని మీద పేటెంట్ కూడా ఉంది. 1961లో దేశాల మధ్య కుదిరిన యుపోవ్ ఒప్పందం తర్వాత కొత్త రకం సృష్టించినవాళ్లకి కొన్నేళ్లపాటు హక్కులిచ్చే చట్టాలు చాలా దేశాల్లో వచ్చాయి. అలాంటి మొక్కను కొని ఇంట్లో పెట్టుకోవచ్చు గానీ పిలకలు తీసి అమ్మాలంటే అనుమతి కావాలి. నీ జాబితాలో ఉన్న ప్రతి రకం పక్కన దాని హక్కుల సంగతి చూసి రాసుకో. చూస్తే సగం టెన్షన్ పోతుంది. పాత రకాల్లోనే కావలసినన్ని అందమైనవి ఉన్నాయి.

నీళ్ల సంగతి. ఉప్పు నీళ్లు పైనుంచి చల్లితే ముదురు ఆకు మీద తెల్ల మచ్చలు కడతాయి. పచ్చ ఆకు మీదైతే ఎవరూ పట్టించుకోరు, నల్ల ఆకు మీద సున్నం చల్లినట్టు ఉంటుంది. నీళ్లు మొక్క మొదట్లోనే పొయ్యి. మందు కొట్టినా అంతే, మరక పడుతుంది. దీనివల్ల ఒక మేలూ ఉంది, పిండినల్లి ఒక్కటి పట్టినా దూరం నుంచే కనిపిస్తుంది. ఎర్రనల్లి మాత్రం దొరకదు. ఆకు నిగారింపు తగ్గి దుమ్ము పట్టినట్టుందంటే కింద తెల్ల కాగితం పెట్టి తట్టు, రాలిన చుక్కలు కదులుతాయేమో చూడు.

మొదటి ఏడాదికి పదిహేను రకాలు చాలు. చిలగడదుంప తీగ, ఆల్టర్‌నాంథెరా, ముదురు కోలియస్, ముదురు రబ్బరు మొక్క, నల్ల చేమ నీ రోజువారీ ఖర్చులు చూస్తాయి. కటింగ్‌తోనో పిలకతోనో సులువుగా వస్తాయి. మోండో గడ్డి నెమ్మది, దాన్ని మొదలుపెట్టి మర్చిపో. టాక్కా గింజలు మొలవడానికి నెలలు పడుతుంది, అది నీ సరదా కోసం పెంచుకో, దాని మీద లెక్కలు వేసుకోకు.

ఈ ఉత్తరంతో పాటు పెట్టెలో నల్ల చేమ పిలకలు మూడు, మోండో గడ్డి కుదురు ఒకటి పంపుతున్నాను. పెద్దమ్మ పంపింది కదా అని నేరుగా మిగతావాటి మధ్య పెట్టకు. మూడు నాలుగు వారాలు విడిగా ఉంచి, ఆకుల అడుగున చూస్తూ ఉండు. నా బెంచీల మీద మొన్ననే పిండినల్లి కనబడింది.

నీ పెద్దమ్మ