భుజాల సంగతి ముందు చూసుకో

చి|| హారికకు,

అత్తయ్య ఆశీస్సులు. నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. ఫిజియో అమ్మాయి రావడం మానేశాక నువ్వు మంచం, వీల్‌చెయిర్, టీవీ తప్ప ఇంకో లోకం చూడట్లేదట. "జిమ్‌లో చేర్పించమంటావా అక్కా?" అని అడిగాడు. నేను దాంతో మాట్లాడతాలే అన్నాను. ఫోన్లో అయితే నువ్వు ఊఁ కొట్టి పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

జిమ్ మాట తర్వాత. ముందు నీ భుజాలు. వెన్నుకి దెబ్బ తగిలి నువ్వూ నాలాగే కుర్చీలోకి వచ్చావు కాబట్టి మంచం దిగాలన్నా, కమోడ్ మీదికి జరగాలన్నా, కారెక్కాలన్నా ఇకమీదట నీకు అవే దిక్కు. భుజం కీలు ఒంటి బరువు మోయడానికి పుట్టింది కాదు, చెయ్యి నాలుగు వైపులా తిప్పడానికి పుట్టింది. దానిచేత పొద్దస్తమానం ఒళ్ళంతా ఎత్తిస్తే ఒకనాటికి మొరాయిస్తుంది. ఏళ్ళుగా కుర్చీలో ఉన్నవాళ్ళు నలుగురు కూడితే నడక గురించి ఎవరూ మాట్లాడుకోరు, భుజం నొప్పి గురించే మాట్లాడుకుంటారు.

చక్రం తోసినప్పుడల్లా ఛాతీ కండరాలు గట్టిపడతాయి, వీపు కండరాలకి పని ఉండదు. దాంతో భుజాలు ముందుకి వంగిపోయి, లోపలి కండరాల కొసలు ఎముకల మధ్య నలుగుతాయి. కాబట్టి నీ వ్యాయామం తోసేది కాకూడదు, లాగేది కావాలి. డంబెల్స్ కొనకు. మెడికల్ షాపులో వ్యాయామానికి వాడే పొడుగాటి రబ్బరు బ్యాండు అడుగు. చాలా కంపెనీల్లో పసుపు, ఎరుపు మెత్తనివి, ఆకుపచ్చ, నీలం గట్టివి. ఎరుపుతో మొదలెట్టు. మధ్యలో ముడేసి, ఆ ముడిని తలుపు అవతలికి వదిలి, తలుపు మూసి గడియ పెట్టు. తలుపు నీవైపు తెరుచుకునేదైతే దాని జోలికి పోకు, కిటికీ ఊచకి కట్టు. కుర్చీకి బ్రేకులు వేసి, బ్యాండు రెండు కొసలు పట్టుకుని, మోచేతులు పక్కటెముకల్ని రాసుకుంటూ వెనక్కి వచ్చేలా లాగు. వీపు మీద రెండు రెక్కలూ దగ్గరికి రావాలి. వదిలేటప్పుడు టపీమని వదలకు, మెల్లగా వదులు. పదేసి చొప్పున మూడు దఫాలు, వారానికి మూడు రోజులు చాలు. మధ్యమధ్యలో గుమ్మం చట్టానికి మోచెయ్యి ఆనించి ఛాతీ సాగదియ్యి. భుజంలో చురుక్కుమంటే ఆపెయ్యి. నొప్పి ఓర్చుకుంటేనే బలం వస్తుందని జిమ్ కుర్రాళ్ళు చెప్పే మాట మన భుజాలకి పనికిరాదు.

ఇదేమీ నా కనిపెట్టుడు కాదు. 1948 జులై 29న ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో డాక్టర్ లుడ్విగ్ గట్‌మన్ యుద్ధంలో దెబ్బతిన్నవాళ్ళకి పోటీ పెట్టాడు. 16 మంది, అందులో ఇద్దరు ఆడవాళ్ళు. ఆట విలువిద్య. బాణం లాగడం కూడా వీపు పనే కదా! పారాలింపిక్స్ పుట్టింది ఆ పోటీలోంచే.

చక్రం తోసే తీరు కూడా మార్చుకో. చిన్న చిన్న తోపులు గబగబా వెయ్యకు. ఒక్క తోపు పొడుగ్గా వేసి, చేతిని రిమ్ము కిందికి వేలాడనిచ్చి, మళ్ళీ వెనక నుంచి అందుకో. టైర్లలో గాలి వారానికోసారి చూపించు. గాలి తగ్గితే మనకే అలుపు, సైకిలు షాపువాడు నిమిషంలో కొట్టేస్తాడు.

కూర్చున్న చోట ఒరుసుకుని పుండ్లు పడకుండా అరగంటకోసారి ఒత్తిడి తగ్గించమని ఆసుపత్రిలో చెప్పే ఉంటారు. చేతుల మీద ఒళ్ళు పైకెత్తి నిలపడం మానెయ్యి, అదీ భుజాలకే శిక్ష. మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, ముందుకి వంగి రెండు నిమిషాలు ఉండు. మొదట్లో ఎదురుగా మీ అమ్మని నిలబెట్టుకో. రాత్రి అద్దం పెట్టుకుని పిరుదులు, మడమలు చూసుకో. ఎక్కడైనా ఎర్రగా ఉండి తెల్లారినా పోకపోతే కుర్చీ ఎక్కకు, డాక్టరుకి చూపించు. వెనక జేబులకి రివెట్లున్న జీన్స్ బీరువాలోనే ఉండనీ. చుడీదార్ బొందు ముడి కూడా ఒంటి కింద పడకుండా చూసుకో.

వేడినీళ్ళ సంచులు, నూనె కాపడాలు తెచ్చే చుట్టాలు ఉంటారు. స్పర్శ లేని కాలికి కాలినా నీకు తెలీదు, వద్దని మొహమాటం లేకుండా చెప్పు. కాళ్ళు వంచి సాగదీసేటప్పుడు కూడా బలవంతం వద్దు. బరువు మోయని ఎముకలు పలచబడతాయి.

ఇప్పుడు బయటి సంగతి. మా ఇంటి దగ్గర పార్కుకి బైకులు రాకుండా వంకర గేటు పెట్టారు, బైకుతో పాటు నేనూ ఆగిపోయాను. అందుకని ముందు నెక్లెస్ రోడ్డు. పొద్దున్నే చదునుగా, తోసుకోవడానికి హాయిగా ఉంటుంది. కేబీఆర్ పార్కు చుట్టూ ఎత్తుపల్లాలు, అది తర్వాత చూద్దాం. మెట్రో స్టేషన్లలో లిఫ్టులున్నాయి, లోపలికి వెళ్ళాక ఇబ్బంది లేదు. లిఫ్టు దాకా వెళ్ళే ఫుట్‌పాతే యుద్ధం. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడు లోపే ఇంటికి చేరు. దెబ్బ తగిలిన చోటుకి కింద చెమట సరిగా పట్టదు కాబట్టి ఒళ్ళు త్వరగా వేడెక్కుతుంది. తడి కండువా మెడకి చుట్టుకో. ఎండలో నిలిపిన కుర్చీ రిమ్ము చెయ్యి కాలుస్తుంది, గ్లౌజులు మరవకు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తొలిసారి మనలాంటివాళ్ళకీ లెక్క చెప్పింది. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒంటికి పని, కనీసం రెండు రోజులు కండరాలకి పని. అది చూసి బెంగపడకు. పది నిమిషాలతో మొదలెట్టి పెంచుకో. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత ఆయాసం చాలు.

ఈత నీకిష్టం కదా. పుండు లేకపోతే దిగొచ్చు. ముందు మూత్రాశయం ఖాళీ చేసుకో, కాళ్ళకి సాక్స్ వేసుకో, కొలను అడుగున పలకలకి కాలివేళ్ళు గీసుకుపోయినా తెలీదు. కుర్చీవాళ్ళకి కుదరదని ఎవరైనా అంటే, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 30వ సెక్షను ఆటల గురించే ఉందని చెప్పు. గొంతు పెంచక్కర్లేదు, సెక్షను నంబరు చెబితే మనుషులు కాస్త సర్దుకుంటారు. పోటీల మీద మనసు పడితే ఆదిత్య మెహతా ఫౌండేషన్ మన హైదరాబాద్‌దే, పారా క్రీడాకారులకి శిక్షణ ఇస్తుంది.

వార్డులో నీ పక్క మంచం అమ్మాయికి దెబ్బ టీ-4 అన్నావు, అంటే ఛాతీ వెనక వెన్నుపూసల్లో పైనుంచి నాలుగోది. ఈ ఉత్తరం ఆమెకి చూపిస్తే ఇది కూడా చెప్పు. టీ-6, ఆపైన దెబ్బ తగిలినవాళ్ళకి ఉన్నట్టుండి తల పగిలేలా నొప్పి, మొహం ఎర్రబడి చెమటలు వస్తే బీపీ ఎగబాకిందని అర్థం. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, బట్టలు వదులు చేసి, మూత్రం పోయే గొట్టం (కాథెటర్) మడతపడిందేమో చూడాలి. తగ్గకపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి. నీది టీ-10, నీకు ఆ భయం తక్కువ.

ఆదివారం ఆరుకల్లా సంజీవయ్య పార్కు గేటు దగ్గర ఉంటాను. మీ నాన్న దింపి వెళ్ళిపోవాలి, పక్కన నిలబడి తోస్తానంటే ఊరుకోను. నీళ్ళ సీసా, గ్లౌజులు, కుషన్ తెచ్చుకో. గాలి కొట్టే పంపు నా దగ్గరుంది.

మీ అత్తయ్య