డ్రైవర్ తర్వాత, ముందు పట్టర్ పట్టు

చిరంజీవి అల్లుడికి,

డిస్క్ విసిరి గొలుసుల బుట్టలో పడేసే డిస్క్ గోల్ఫ్ ఆట మొదలుపెట్టావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషం వేసిందో! చార్లెట్‌లో ఉంటూ ఈ ఆట ఆడకపోతే ఎలా? అక్కడి పార్కుల్లోనే ఈ ఆటాడే మైదానాలు, అంటే కోర్సులు, బోలెడున్నాయి, చాలాచోట్ల పైసా కట్టక్కర్లేదు. కాస్త దక్షిణానికి వెళ్తే రాక్ హిల్. 1999లో అమెరికా ఛాంపియన్‌షిప్ మొదలైంది అక్కడి విన్‌త్రాప్ యూనివర్సిటీలోనే. ఒకసారి వెళ్లి చూడు, మంచి ఆటగాళ్లు తొందరపడకుండా ఎలా విసురుతారో తెలుస్తుంది.

నువ్వు పంపిన ఫొటోలో అన్నీ 12, 13 స్పీడ్ డ్రైవర్లే, అంటే బాగా దూరానికి విసిరే డిస్కులే, కనిపించాయి. వాటిని కొన్నాళ్లు పక్కన పెట్టు. డిస్క్ మీద వరసగా నాలుగు అంకెలుంటాయి: స్పీడ్, గ్లైడ్ (గాల్లో తేలే గుణం), టర్న్ (కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌లో మొదట కుడికి తిరిగే గుణం, మైనస్ అంకె పెద్దదైతే ఎక్కువ తిరుగుతుంది), ఫేడ్ (చివర్లో ఎడమకు వాలే గుణం). బ్యాక్‌హ్యాండ్ అంటే చెయ్యిని ఒంటికి అడ్డంగా లాగి విసరడం. స్పీడ్ 12 అంటే ఆ డిస్క్ దానంతట అదే దూసుకుపోతుందని కాదు. నువ్వు అంత వేగంగా విసరగలిగితేనే అది సరిగ్గా ఎగురుతుందని. చేతిలో ఇంకా ఆ వేగం లేనప్పుడు కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌తో ఎలా వేసినా అది ఎడమకు తిరిగి నేల పడుతుంది. నువ్వేమో బలం చాల్లేదనుకుని ఇంకా గట్టిగా లాగుతావు, భుజం నొప్పి తెచ్చుకుంటావు.

ఇప్పటికి నీకు కావలసినవి రెండే: ఏవియర్ లాంటి పట్టర్ (దగ్గర్నుంచి బుట్టలో వేసేది) ఒకటి, బజ్ లాంటి మిడ్‌రేంజ్ (మధ్య దూరానికి) ఒకటి. తర్వాత లెపర్డ్ అనే డ్రైవర్ కొనుక్కో. దాని స్పీడ్ 6, టర్న్ మైనస్ 2 కాబట్టి తక్కువ వేగానికి కూడా తిన్నగా పోతుంది. పట్టర్‌ని దూరానికి కూడా విసురు. విసరడంలో తప్పు ఏ మాత్రం ఉన్నా అది గాల్లో ఊగిపోయి నీకు వెంటనే చూపించేస్తుంది. డ్రైవర్ ఆ తప్పుని దాచేస్తుంది.

ఇక అసలు విషయం. కొత్తవాళ్ల డిస్క్ దూరం పోకపోవడానికి చాలాసార్లు కారణం బలం లేకపోవడం కాదు, ముక్కు పైకి లేవడం. ముక్కంటే డిస్క్ ముందు అంచు. అది పైకి ఉంటే గాలి కింద తగిలి డిస్క్ నిట్టనిలువుగా లేస్తుంది, అక్కడే ఆగి కిందికి జారుతుంది. మణికట్టుని కాస్త కిందికి వంచి, డిస్క్‌ని ముంజేతితో ఒకే వరసలో పెట్టు. పరుగు తీయొద్దు, నిలబడే విసురు. డిస్క్‌ని ఛాతీకి దగ్గరగా, తిన్నగా లాగు. చేతిని గుండ్రంగా తిప్పితే ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. ముందు కాలు గట్టిగా ఆనాక నడుము తిరగాలి, చెయ్యి దాని వెంట రావాలి. ఖాళీ మైదానానికి వెళ్లి నాలుగైదు డిస్కులు విసిరి, నడిచి వెళ్లి ఏరుకుని, మళ్లీ ఇటు విసురు. కోర్సులో ఆడినదానికన్నా అక్కడే ఎక్కువ నేర్చుకుంటావు.

ఫోర్‌హ్యాండ్ నీకు తొందరగానే పట్టుబడుతుంది. మన ఊరి చెరువులో పెంకులు విసిరి కప్పగంతులు వేయించేవాడివి కదా, చెయ్యి అలాగే కదలాలి.

పట్టింగ్‌కి మాత్రం రోజూ కాసేపు కేటాయించు. బుట్టకి మూడడుగుల దూరం నుంచి మొదలుపెట్టి, వరసగా పడుతుంటే ఒక్కో అడుగు వెనక్కి జరుగు. గొలుసుల్లో ఒకే ఒక్కదాన్ని చూడు, మొత్తం బుట్టని కాదు. బుట్ట నుంచి పది మీటర్ల లోపు ఉంటే, విసిరాక నిలదొక్కుకునే దాకా మార్కర్ (డిస్క్ పడిన చోటి గుర్తు) దాటి ముందుకు అడుగు వేయకూడదు. ఈ అలవాటు మొదట్లోనే చేసుకో.

చార్లెట్ కోర్సుల్లో చెట్లు ఎక్కువ. డిస్క్ చెట్ల మధ్యకి పోతే సన్న సందులోంచి హీరోలా కొట్టాలని చూడకు. పక్కకి తీసి ఫెయిర్‌వే (చెట్లు లేని ఆట దారి) మీదికి వేసుకో. ఒక్క త్రో పోతుంది, పోనీ. సందులోంచి కొట్టబోతే మూడు పోతాయి. ఎదురుగాలిలో డిస్క్ కుడికి ఎక్కువ తిరుగుతుంది కాబట్టి ఎక్కువ ఫేడ్ ఉన్నది వాడు. వెనక నుంచి గాలి వీస్తుంటే తొందరగా వాలిపోతుంది, కాస్త ఎత్తుగా వెయ్యి.

దారిలో మనిషి కనపడితే అసలు విసరకు. విసిరాక ఎవరి మీదికో పోతుంటే గట్టిగా "ఫోర్" అని అరువు, సిగ్గుపడకు. పొదల్లో డిస్క్ వెతికేటప్పుడు మూడేసి ఆకుల పాయిజన్ ఐవీ జాగ్రత్త, కాపర్‌హెడ్ పాములూ ఉంటాయి. చెయ్యి పెట్టే ముందు కర్రతో కదిపి చూడు. నిండు ప్యాంటు వేసుకో, ఇంటికెళ్లగానే ఒంటిమీద పిడుదులున్నాయేమో చూసుకో. డిస్క్ వెనకవైపు పేరు, ఫోన్ నంబరు రాయి, దొరికినవాళ్లు చాలామంది మెసేజ్ పెడతారు.

వచ్చే నెల అత్తయ్యా నేనూ అటు వస్తున్నాం. ఒక పూట ఖాళీ ఉంచు, కిల్‌బోర్న్ పార్కులో ఆడదాం. అప్పటిదాకా పక్కనుంచి వీడియోలు తీసి పంపు, మణికట్టు చూసి చెబుతాను.

దీవెనలతో,
మామయ్య