బంతి ఎక్కణ్ణుంచి వచ్చింది, నాయనా?

నాయనా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన కథ రెండుసార్లు చదివాను. రాత్రి ఒకసారి, పొద్దున కాఫీ తాగుతా ఇంకోసారి. రెండోసారి చదివేటప్పుడు మా ఆవిడ నా మొహం చూసి "ఏంది, ఎవరన్నా పొయ్యారా" అని అడిగింది. ఎవరూ పోలేదు, మనూరి ఫుట్‌బాల్ జట్టు ఒంగోలు వాళ్ళ చేతిలో ఓడిపోయింది, దాని మీద ఒక కుర్రాడు కథ రాశాడు అన్నాను. "నెల్లూర్లో ఫుట్‌బాల్ కూడా ఆడతారా" అంటూ లోపలికి పోయింది. నీ కథ చదివేవాళ్ళలో సగం మంది ఆమె లాంటివాళ్ళే ఉంటారు, అది ముందు గుర్తుపెట్టుకో.

నీకు తెలియని సంగతి ఒకటుంది. ఆ రోజు నేనూ గ్యాలరీలోనే ఉన్నాను, నీకంటే నాలుగు మెట్లు పైన, గొడుగేసుకుని. నిన్ను చూశాను కూడా. నువ్వు లేచి నిలబడి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరుస్తున్నావు, అలాంటప్పుడు మనిషిని పలకరించకూడదు కాబట్టి ఊరుకున్నాను. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

మొదటి రెండు పేజీలు బాగున్నాయి. టికెట్ కోసం లైన్లో నిలబడ్డప్పుడు ముందున్న మనిషి చొక్కా వెనక చెమట ఆంధ్రా మ్యాపులా ఉందన్నావే, అది నీ సొంతం, ఎక్కడా చదివిన మాట కాదు. మూడో పేజీ నుంచి మాత్రం కథ ఆగిపోయి తిట్లు మొదలయ్యాయి. "దద్దమ్మ" అనే మాట, అదీ మన గోల్‌కీపర్ మీద, పద్నాలుగు సార్లు వచ్చింది, పెన్సిలు పెట్టి లెక్కేశాను. తిట్టడం తప్పని నేననను, నేను కూడా ఆ రోజు ఒకటో రెండో తిట్టే ఉంటాను. నా గొడవ ఇంకోటి. జట్టును ఓడించిన ఆ రెండో గోల్‌ని నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేశావు: "బంతి వచ్చింది, దద్దమ్మ వదిలేశాడు." ఎక్కణ్ణుంచి వచ్చింది నాయనా? బంతి ఆకాశంలోంచి ఊడిపడదు కదా.

నేను చూసింది చెప్తాను. రెండో సగం మొదలైన కాసేపటికే మన లెఫ్ట్ బ్యాక్ కుర్రాడి, అంటే ఎడమ పక్క కాపు కాసేవాడి, షూ అడుగు ఊడింది. పక్కకొచ్చి, కింద కూర్చుని, ఎవరో ఇచ్చిన టేపు షూ చుట్టూ నాలుగు చుట్లు చుట్టి, పంటితో కొరికి తెంపి మళ్ళీ లోపలికి పోయాడు. వాణ్ణి మార్చడానికి లేదు, మార్చాల్సిన వాళ్ళని అప్పటికే మార్చేశారు. ఆ తర్వాత ఒంగోలు జట్టు రైట్ వింగర్, అంటే కుడి అంచు వెంట దూసుకొచ్చేవాడు, పొట్టివాడు, ఒకటే పనిగా ఆ పక్కనుంచే వచ్చాడు. మొదటిసారి బంతి బయటికి పోయింది. రెండోసారి కార్నర్ అయింది, అప్పుడు నువ్వు నీళ్ళ ప్యాకెట్ కొరుకుతున్నావు. మూడోసారి మన కుర్రాడు తిరగబోయి జారాడు, వింగర్ లోపలికి తోసుకొచ్చి కొట్టాడు, మన పొడుగు డిఫెండరు సరిగ్గా కీపర్‌కి అడ్డంగా నిలబడ్డాడు. కీపర్‌కి బంతి కనపడేసరికి అది గోల్ ముందర ఆ గరుకు నేల మీద ఒక్క ఎగురు ఎగిరి చేతి కిందనుంచి పోయింది. అరక్షణం ఆలస్యంగా పడ్డాడు, నిజమే. వాడి తప్పు లేదని నేను వకాల్తా పుచ్చుకోవడం లేదు. కానీ ఆ గోల్‌లో కనీసం నలుగురున్నారు, ఒక షూ కూడా ఉంది, నువ్వు ఒక్కణ్ణే రాశావు.

ఇది మనూరి జబ్బే కాదులే. బ్రెజిల్‌లో ఇంతకంటే ఘోరంగా జరిగింది. 1950 జూలై 16న రియోలోని మరకానా స్టేడియంలో బ్రెజిల్, ఉరుగ్వే ఆడాయి. డ్రా చేసుకున్నా చాలు, వరల్డ్ కప్ బ్రెజిల్‌దే. టికెట్ లెక్కల ప్రకారమే లక్షా డెబ్భై వేల పైచిలుకు జనం, అందరూ గెలిచేశాం అనుకుని వచ్చినవాళ్ళే. ముందు గోల్ కూడా బ్రెజిలే కొట్టింది. చివరికి 2-1తో ఉరుగ్వే గెలిచింది. ఊరందరి నోటా నానింది ఒకే పేరు, గోల్‌కీపర్ బార్బోసా. ఆయన 2000లో చనిపోయేదాకా జనం ఆ పేరుని వదల్లేదు, అంటే యాభై ఏళ్ళు.

ఆ గోల్ ఎలా పడిందో నువ్వు తెలుసుకోవాలి, కథ రాసేవాడికి అసలు సరుకు అక్కడే ఉంది. ఉరుగ్వే మొదటి గోల్‌కి ఘిజ్జా అనే వింగర్ కుడివైపు నుంచి పరిగెత్తుకొచ్చి బంతిని మధ్యలోకి వేశాడు, అక్కడున్న స్కియాఫినో కొట్టాడు. 79వ నిమిషంలో అదే ఘిజ్జా అదే వైపు నుంచి అలాగే పరిగెత్తుకొచ్చాడు. బార్బోసా ఏమనుకోవాలి? మళ్ళీ మధ్యలోకే వేస్తాడు అనుకున్నాడు, ఒక్క అడుగు అటు జరిగాడు. ఘిజ్జా ఈసారి వెయ్యలేదు, బార్బోసాకీ స్తంభానికీ మధ్య వదిలిన సందులోంచి నేరుగా కొట్టేశాడు. మొదటి గోల్ నేర్పిన పాఠమే రెండో గోల్‌కి మోసం చేసింది. ఆ ఒక్క అడుగు తెలివితక్కువ వల్ల కాదు, తెలివి వల్లే పడింది. నీ పదకొండు పేజీల్లో అలాంటి ఒక్క అడుగు కోసం వెతికాను, దొరకలేదు. (అన్నట్టు, బ్రెజిల్ వాళ్ళు ఆ రోజు వేసుకున్న తెల్ల చొక్కాలని కూడా వదల్లేదు, అచ్చిరాలేదని రంగే మార్చేశారు. ఇప్పుడు మనం చూసే పసుపు చొక్కా ఆ ఏడుపులోంచి పుట్టిందే.)

మన దేశం సంగతికొద్దాం, నువ్వే కథలో ఒకచోట గౌహతి అని రాసి వదిలేశావు. 2024 మార్చి 26న అక్కడ అఫ్గానిస్థాన్ చేతిలో 1-2తో ఓడిపోయాం. అప్పటి మన కెప్టెన్ సునీల్ ఛెత్రీకి అది 150వ అంతర్జాతీయ మ్యాచ్. 38వ నిమిషంలో పెనాల్టీతో ఆయనే ఆధిక్యం ఇచ్చాడు. 70వ నిమిషంలో స్కోరు సమం అయింది, 88లో కీపర్ గుర్‌ప్రీత్ ఫౌల్ చెయ్యడంతో వాళ్ళకి పెనాల్టీ వచ్చింది. ఆ రాత్రి నా ఫోన్లో కూడా గుర్‌ప్రీత్ మీద, కోచ్ మీద బూతులు వచ్చిపడ్డాయి, అందులో కొన్ని మ్యాచ్ చూడనివాళ్ళు పంపినవి. నేను ఒకాయన్ని అడిగాను, 70వ నిమిషం గోల్ ఎలా పడింది అని. "అదంతా ఎవడు చూశాడు సార్, కీపర్ మాత్రం వేస్ట్" అన్నాడు. వాడి మాట నీ కథలో పెడితే బాగుంటుంది, నువ్వు మాత్రం వాడిలాగా రాయొద్దు.

ఇప్పుడు నా సొంత గోడు ఒకటి చెప్పాలి. 1986లో నాకు ఇరవై రెండేళ్ళు, ఊళ్ళో ఒక వారపత్రిక్కి రాసేవాణ్ణి. వీఆర్సీ గ్రౌండులో కాలేజీల మ్యాచ్ చూసి, మనవాళ్ళు ఓడిపోయారనే మంటతో "చేతుల్లేని కీపర్" అని హెడ్డింగు పెట్టి అరపేజీ రాశాను. అందరూ భలే రాశావన్నారు. నాలుగు రోజులు ట్రంకు రోడ్డు మీద నేలకి జానెడు ఎత్తున నడిచాను.

పదిహేనేళ్ళ తర్వాత మా పొలం మోటారు కాలిపోతే ఆత్మకూరు బస్టాండు దగ్గర వైండింగ్ షాపుకి తీసుకెళ్ళాను. షాపాయన రాగితీగ చుడుతున్నాడు, పెదాలు కదుపుతూ చుట్లు లెక్కపెట్టుకుంటున్నాడు. బిల్లు రాయడానికి పేరు అడిగితే చెప్పాను. చెయ్యి ఆగింది. తలెత్తి చూసి, "మీరేనా సార్. ఆ రోజు నేను కుడివైపు దూకాను. మీరు ఎడమ అని రాశారు" అన్నాడు.

అంతే. కోపం లేదు, ఇంకో మాట లేదు. చేతుల్లేనివాడని రాసినందుకు ఏమీ అనలేదు, అది ఓర్చుకున్నట్టే ఉంది. కుడిని ఎడమ అన్నందుకు పదిహేనేళ్ళు మోశాడు. నేను ఏదో గొణిగాను. ఆయన చేతిలో తీగ వైపు చూసి "లెక్క తప్పింది" అని చుట్టిందంతా విప్పి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. బిల్లులో ఒక్క రూపాయి తగ్గించలేదు, తగ్గించి ఉంటే ఇంకా సిగ్గేసేది. ఇంటికొచ్చి ఆ పాత కాగితం బయటికి తీశాను. ఎడమ అనే ఉంది. ఎందుకు అలా రాశానో తెలుసా, గోల్ పడ్డప్పుడు నేను చూస్తున్నది కీపర్‌ని కాదు, హెడ్డింగు ఆలోచిస్తున్నాను.

ఇక జనం సంగతి. నీ కథలో తిట్టేవాళ్ళందరూ ఒకే గొంతుతో తిడుతున్నారు, అది నాకు నచ్చలేదు. గేటు బయట టీ బండి దగ్గర నేను అరగంట నిలబడ్డాను. మ్యాచ్ ముందు ఇదే జనం "మనోళ్ళు కొడతారు" అన్నారు. ఒక గోల్ పడగానే "మనోళ్ళు" పోయి "మన టీం" అయింది. రెండోది పడ్డాక "వీళ్ళు". టీ బండి దగ్గరికొచ్చేసరికి "ఈ నా కొడుకులు". గంటన్నరలో నాలుగు మాటలు మారాయి. నువ్వు పేజీలకి పేజీలు విశేషణాలు పేర్చే బదులు ఈ నాలుగు మాటలు వరసగా పెట్టినా చదివేవాడికి స్కోరు తెలిసిపోతుంది.

తిట్టేవాడు చెడ్డవాడని మాత్రం రాయకు, అది ఇంకో రకం బద్ధకం. నా పక్కన కూర్చున్నాయన అందరికంటే పెద్దగా తిట్టాడు. ఆయన ఆటో నడుపుతాడట, మధ్యాహ్నం కిరాయిలన్నీ మానుకుని కొడుకుని తీసుకొచ్చాడు, ఆ పిల్లాడికి ఫుట్‌బాల్ పిచ్చి. పిల్లాడు ఏడుస్తున్నాడు, ఆయన దగ్గర చెప్పడానికేమీ లేదు, కీపర్‌ని తిట్టాడు. అత్త మీద కోపం దుత్త మీద అంటారే, అది. నీకు దుత్త పగిలిన చప్పుడే వినపడింది. అత్త ఎవరో కనుక్కో.

మీ అమ్మమ్మగారిది అద్దంకి వైపు అన్నావు, బండలాగుడు పందేలు చూసే ఉంటావు. బండ సగంలో ఆగిపోతే అక్కడ ఎద్దుని ఎవరన్నా తిడతారా? తోలేవాడిని అంటారు, నేలని అంటారు, మేపు చాల్లేదంటారు. యజమాని పోయి దాని గంగడోలు నిమురుతాడు. మన ఆటగాడికి ఆ గిత్తకున్నపాటి విచారణ కూడా దొరకదు, మేపు సంగతి అడిగేవాడే లేడు.

ఇంకొకటి, ఛెత్రీ గురించే. 2018 జూన్‌లో ముంబైలో చైనీస్ తైపీ మీద 5-0తో గెలిచినా, చూడ్డానికి వచ్చింది 2,569 మంది. మర్నాడు ఆయన వీడియో పెట్టాడు, తిట్టండి, విమర్శించండి, కానీ స్టేడియానికి వచ్చి మా మొహం మీద తిట్టండి అని. కెన్యాతో తర్వాతి మ్యాచ్‌కి టికెట్లు మిగల్లేదు. నాకు ఆ వీడియోలో నచ్చింది ఆయన బతిమాలడం కాదు. ఖాళీ కుర్చీల కంటే తిట్టే జనం నయం అని ఆయనకి తెలుసు. నువ్వు టికెట్ కొనుక్కుని వెళ్ళి తిట్టావు, కాబట్టి ఆ మాటకి నువ్వు అర్హుడివే. మా ఆవిడ కాదు.

సరే, ఇప్పుడేం చెయ్యాలంటావు. కథ మొత్తం చింపొద్దు. మొదటి రెండు పేజీలు అలాగే ఉంచు. కీపర్ దగ్గరికి ఇప్పుడే పరిగెత్తి వెళ్ళి మీ మనోభావాలేంటని అడక్కు, టీవీవాళ్ళు చేసే పని అది, పాపం వాడిని నాలుగు రోజులు వదిలెయ్. లెఫ్ట్ బ్యాక్ కుర్రాడు మినీ బైపాస్ వైపు ఏదో టైర్ల షాపులో పనిచేస్తాడని విన్నాను. వెళ్ళు, కథ రాస్తున్నానని చెప్పకుండా బండికి గాలి కొట్టించుకో. ఆ షూ ఎప్పుడు కొన్నాడో, ఎంతకి కొన్నాడో, టేపు ఇచ్చింది ఎవరో మాటల్లో వస్తే విను, రాకపోతే గాలికి డబ్బులిచ్చి వచ్చెయ్. తర్వాత ఆ రెండో గోల్ ఒక్కటే ఒక పేజీ రాయి. వింగర్ మొదటిసారి వచ్చిన దగ్గర్నుంచి మొదలుపెట్టు, బంతి వలలో పడగానే ఆపెయ్. అందులో దద్దమ్మ అనే మాట ఒక్కసారి వాడుకో, ఆ ఆటో ఆయన నోట్లోంచి.

వచ్చే శనివారం లోపల పంపు. ఆ టేపు ఏ రంగుదో నాకు గుర్తుంది, నువ్వేం రాస్తావో చూస్తాను.

ఉంటాను,
నెల్లూరు నుంచి, నాలుగు మెట్ల పైన గొడుగాయన